మెరక లెక్క

ఇంటి నమూనా గీసే సాఫ్ట్‌వేర్‌లో కొత్త పని తెరవగానే తెర మీద ముందుగా కనిపించేది ఒక సున్నా. మొదటి అంతస్తు మట్టం 0.00 అని రాసిన సన్నని గీత, దానికి మూడు నాలుగు మీటర్ల పైన మరో గీత, ఆ రెండింటి కింద ఏమీ లేని తెల్లదనం. గుడివాడ శివార్లలో వరిచేలు లేఅవుట్లుగా మారుతున్న చోట కట్టబోయే ఇంటికి వేసిన సెక్షన్ పటం, అంటే ఇంటిని పైనుంచి కిందికి కోసి లోపలి పొరలను చూపే పటం, తీసి చూసినా నేలగీతకు ఆనించి అదే అంకె ±0.00 అని రాసి ఉంటుంది. చిత్రమేమిటంటే పటం గీసే నాటికి ఆ నేల చాలా సందర్భాల్లో అక్కడ ఉండనే ఉండదు. రోడ్డుకు మూడు నాలుగడుగుల పల్లంలో, కోత అయిపోయిన మోళ్లతోనో నిలవనీటితోనో చేను ఉంటుంది. పటంలో కనిపించే నేల ఇంకా ట్రాక్టర్ల మీద రావలసి ఉంటుంది. ఇంత చిన్న సంగతిని పట్టించుకోనక్కరలేదేమో. కానీ ఆ సున్నా దేనికి సున్నా, చేనుకా, రోడ్డుకా, పక్కింటి గడపకా, సముద్రానికా అన్న ప్రశ్న ఒకసారి పుట్టిన తరువాత ఆ గీత మునుపటంత అమాయకంగా కనిపించదు.

భవన నమూనాల తయారీలో విస్తృతంగా వాడే రెవిట్‌లో ఎత్తుల వ్యవహారమంతా ముఖ్యంగా రెండు బిందువుల మీద నడుస్తుంది. ప్రాజెక్ట్ బేస్ పాయింట్ అనేది ఇంటికి సొంతమైన మూలబిందువు. గదుల కొలతలూ అంతస్తుల ఎత్తులూ దాని నుంచి లెక్కకు వస్తాయి. సర్వే పాయింట్ అనేది బయటి లోకానికి చెందిన బిందువు. సర్వేయరు తెచ్చిన స్థానపు అంకెలూ, సముద్రమట్టం నుంచి కొలిచిన ఎత్తూ దానికి కట్టుబడి ఉంటాయి. స్థలపు ఎగుడుదిగుళ్లను చూపే ఉపరితలాన్ని ఇదివరకు టోపోసర్ఫేస్ అనేవారు. 2024 వెర్షన్ నుంచి దానికి మందం కూడా ఇచ్చి టోపోసాలిడ్ అంటున్నారు, అంటే తెర మీది నేలను ఇప్పుడు తవ్వనూవచ్చు, తవ్విన మట్టిని కొలవనూవచ్చు. ఇంటిని సున్నా మీద నిలబెట్టి, ఆ తరువాత సర్వేయరు ఇచ్చిన బిందువులతో నేలను రప్పించినప్పుడు చిక్కు మొదలవుతుంది. ఆ బిందువులు సముద్రమట్టం నుంచి కొలిచినవి గనుక నేల రెండు మూడు మీటర్ల ఎత్తున పరుచుకొని, ఇల్లు నడుము దాకా దానిలో పూడుకుపోయి కనిపిస్తుంది. అదే పాడేరు వైపు కొండమీది స్థలమైతే నేల వందల మీటర్ల పైన ఎక్కడో తేలి, ఇల్లు అడుగున ఒంటరిగా మిగిలిపోతుంది. అది చూసి కంగారుపడిన కొత్త చేయి సాధారణంగా చేసే పని నేలను పట్టుకొని కిందికి లాగి, ఇంటి అడుగుకు ఆనించడం.

ఆ పని ఎందుకు తప్పో చెప్పడం తేలికే. సర్వేయరు కొలిచి తెచ్చిన ఎత్తు ఒక సాక్ష్యం. దాన్ని గీతకు నప్పేలా జరిపితే సాక్ష్యం పోయి బొమ్మ మిగులుతుంది. అలాగని ఇంటినే ఎత్తి సముద్రమట్టపు అంకెల మీద కూర్చోబెడితే అన్ని గీతలకూ 3.15 అనీ 6.35 అనీ అంకెలు పడి, తాపీ మేస్త్రి చేతిలోకి వెళ్లిన పటం వాడుకకు పనికిరాకుండా పోతుంది, ఎందుకంటే మేస్త్రికి కావలసింది గడప నుంచి పైకి ఎంత, గడప నుంచి కిందికి ఎంత అన్న రెండు లెక్కలే. మూడో దారి ఒకటి ఉంది: ఇంటినీ నేలనూ ఎవరి చోట వారిని ఉండనిచ్చి, వాటి మధ్య ఉన్న సంబంధాన్ని ఒక్కసారి ప్రకటించడం. ఇంటి సున్నా సముద్రమట్టానికి ఇంత ఎత్తున ఉందని చెప్పగానే గీతలన్నీ కావలసినప్పుడు ఇంటి లెక్కలోనూ, కావలసినప్పుడు లోకం లెక్కలోనూ తమ ఎత్తును చెప్పగలుగుతాయి. ఒకే గీతకు రెండు అంకెలు, రెండూ నిజమే. స్కెచప్‌లో ఇందుకు పూర్తిగా భిన్నమైన పద్ధతి ఒకటి ఉంది. స్టాంప్ అనే పనిముట్టుతో ఇంటి అడుగు ఆకారాన్ని నేల మీద అద్దితే నేల తనంతట తానే చదునై, చుట్టూ వాలు సర్దుకొని, ఇంటికి చోటిస్తుంది. ఎంత విధేయమైన నేల! ఆ విధేయతకు ఖర్చెంతో ఆ పనిముట్టు చెప్పదు.

ఈ పనిముట్లన్నీ వాలు నేలలను దృష్టిలో పెట్టుకొని పుట్టినవని వాటి తీరే చెబుతుంది. కృష్ణా దిగువ డెల్టాలో అంత వాలు ఎక్కడిది? విజయవాడ దగ్గర ప్రకాశం బ్యారేజీ పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 57.05 అడుగులు, అంటే 17 మీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి మచిలీపట్నం తీరం దాదాపు 70 కిలోమీటర్లు. నేల వాలు కూడా సుమారుగా అంతే అనుకుంటే కిలోమీటరుకు పాతిక సెంటీమీటర్లు దిగుతుంది, 60 అడుగుల పొడవున్న ఇంటిస్థలంలో నాలుగైదు మిల్లీమీటర్లు దిగుతుంది. ఆ మాత్రం తేడా గచ్చు వేసేటప్పుడు తాపీ అంచున పోతుంది. అలాంటప్పుడు ఈ సీమలో ఇంటి ఎత్తును నేలకు సరిచూసే శ్రమ ఎందుకన్న సందేహం సహజమే. అయితే చదునైన చోటనే ఎత్తుకు విలువ ఎక్కువ. కొండవాలులో అడుగు తేడా పైమెట్టుకో కిందిమెట్టుకో సంబంధించిన మాట. పల్లపు చేల మధ్య అడుగు తేడా, వాన వెలిసిన మర్నాడు పొయ్యి వెలుగుతుందా లేదా అన్న మాట. పైగా ప్రకృతి ఇవ్వని ఎగుడుదిగుళ్లను ఈ నేల మీద మనుషులు చేతులారా పెంచారు. 1855 నాటికి పూర్తయిన కృష్ణా ఆనకట్టా, దాని వెంట సాగిన కాలువలూ చేల కంటే ఎత్తున నీటిని నడిపించాయి. కాలువగట్లు, కరకట్టలు, లాకులు, మురుగు కోడులు, గట్ల మీది రోడ్లు కలిసి ఒక కృత్రిమమైన కొండ కోనల వ్యవస్థను ఏర్పరచాయి. దాని ఎత్తులు మీటరు, రెండు మీటర్లు, కరకట్ట దగ్గర ఇంకాస్త. కానీ ఆ సీమకు అవే పర్వతాలు.

నేలను ఎత్తు చేసుకొని బతకడం అక్కడ కాలువల కంటే చాలా పాత అలవాటు. గుడివాడ, ఘంటసాల, నదికి ఆవలి ఒడ్డున భట్టిప్రోలు అనే మూడు ఊళ్ల దిబ్బలలోని బౌద్ధస్తూపాలను గురించి అలెగ్జాండర్ రే రాసిన గ్రంథం 1894లో వెలువడింది. స్తూపం దిబ్బగా మారిందా, దిబ్బ ఉన్నచోటే స్తూపం వెలసిందా అన్నది పురావస్తు శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. కానీ శతాబ్దాల ఇటుకా బూడిదా పెంకూ పేరుకొని మెరక అయిన చోటు చుట్టూ ఊరు పెనవేసుకొని ఉండటం డెల్టాలో అరుదైన దృశ్యమేమీ కాదు. తీరానికి దగ్గరయ్యేకొద్దీ మరో రకం మెరకలు కనిపిస్తాయి. సముద్రం వెనక్కి జరిగిన కాలాల్లో పాత తీరరేఖల వెంట మిగిలిపోయిన ఇసుక మెరకలవి. ఊళ్లూ బాటలూ తాటితోపులూ వాటి వరుసనే పట్టుకొని సాగుతాయి. నది పాయల నడుమ ఏర్పడిన లంకలు మూడో రకం. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణ దివిసీమను తన చేతుల మధ్య ఉంచుకుంది గనుక ఆ సీమ మొత్తం ఒక పెద్ద లంక అన్నా తప్పులేదు. ఇల్లు ఎక్కడ కట్టాలన్న ప్రశ్నకు పూర్వం ఉన్న సమాధానం మెరక మీద అని. మెరకలన్నీ నిండిపోయాక వచ్చినవారికి మిగిలింది పల్లం. పల్లంలో కట్టాలంటే మెరకను తెచ్చుకోవాలి.

మెరక తోలించడం అన్న పని సాఫ్ట్‌వేర్ భాషలో ఫిల్ అవుతుంది, దానికి జంట కట్. స్థలంలో ఎత్తుగా ఉన్నచోట తవ్విన మట్టి కట్, పల్లంలో పోసిన మట్టి ఫిల్. రెండూ సరిసమానమైతే మంచి రూపకల్పన అని పుస్తకాలు చెబుతాయి. కానీ గుడివాడ లేఅవుట్‌లో కట్ అనేదే ఉండదు, ఉన్నదంతా ఫిల్. 200 గజాల స్థలాన్ని మూడడుగులు లేపాలంటే 1800 చదరపుటడుగులను మూడుతో హెచ్చించాలి, 5400 ఘనపుటడుగులు. ట్రాక్టరు ట్రక్కుకు 100 ఘనపుటడుగులు పడతాయనుకుంటే 54 ట్రక్కులు, తడిపి దిమ్మిస చేసి అణిచాక తగ్గేదానికి మరికొన్ని. నింపడానికి తోలిన బుసక, అంటే ఇసుక కలిసిన ఒండ్రు, ఏ లంక నుంచి వచ్చింది, ఆ మట్టి ఏ చెరువు పూడికలోంచి వచ్చింది? తవ్విన చోటు పటానికి బయట ఉంది గనుక నమూనాలో దాని ఊసు లేదు. పూర్వపు పల్లెలో ఈ లెక్క కంటికి కనిపించేది, ఎందుకంటే ఊరి చెరువు తవ్విన మట్టే ఊరికి మెరకయ్యేది, గొయ్యీ దిబ్బా పక్కపక్కనే ఉండేవి. ఇప్పుడు గొయ్యి ఒక మండలంలోనూ దిబ్బ మరో మండలంలోనూ ఉంటాయి. దానికి తోడు గుడివాడ చుట్టుపక్కలా దివిసీమలోనూ చేపల చెరువులూ రొయ్యల చెరువులూ విస్తరించి, తవ్విన మట్టితో గట్లు లేచి, పక్క వరిచేను కంటే ఎత్తున నీరు నిలిచి, ఆ ఊట అడుగున పక్కకు పాకుతోంది. నేల ఎత్తును ఉపరితలంగా మాత్రమే చూపే నమూనాకు ఈ ఊట కనిపించే అవకాశం లేదు.

ఇంటి పీఠాన్ని, అంటే నేలకూ గచ్చుకూ మధ్య ఉండే ఎత్తును, ఇంజనీర్లు ప్లింత్ అంటారు; కృష్ణా జిల్లాలో వాడుక మాట బేస్‌మెంట్. జాతీయ భవన నియమావళి చెప్పేదాని ప్రకారం ప్లింత్ చుట్టూ ఉన్న నేల మట్టం కంటే కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తుండాలి. వాక్యం స్పష్టంగానే ఉంది, తిరకాసంతా చుట్టూ ఉన్న నేల ఏదన్న దగ్గర వస్తుంది. తోలించిన మెరక మీద నుంచి 45 సెంటీమీటర్లా, తోలించని పక్కస్థలం నుంచా, రోడ్డు నడినెత్తి నుంచా? ఊళ్లో ఎవరిని అడిగినా రోడ్డు మీద నుంచి ఇన్ని అడుగులు లేపాలనే చెబుతారు, కాబట్టి ఆచరణలో ఆ సీమకు ప్రామాణిక మట్టం రోడ్డే. అయితే ఆ ప్రమాణం కదిలే ప్రమాణం. పాత తారు పొరను తీయకుండా దాని మీదే కొత్త పొర వేసినప్పుడల్లా, తారు రోడ్డు స్థానంలో సిమెంటు రోడ్డు వచ్చినప్పుడల్లా రోడ్డు కొన్ని అంగుళాలు ఎదుగుతుంది, ఇల్లు ఎదగదు. పాతబడిన బజార్లలో వీధిలోంచి మెట్లు దిగి ఇంట్లోకి వెళ్లవలసి రావడం, ఒకప్పుడు మనిషి కాళ్లు వేలాడేసుకొని కూర్చున్న అరుగు ఇప్పుడు రోడ్డుతో సమానమై మోటారు సైకిలు నిలిపే చోటుగా మారడం ఎక్కడైనా కనిపించేవే. తరువాత కట్టేవారు పెరిగిన రోడ్డును చూసి ఇంకా లేపుతారు. ముందు కట్టినవారి దొడ్డి వీధి మొత్తానికి నీటిగుంట అవుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో స్థలపు నమూనా సరిహద్దు గీత దగ్గర ఆగిపోతుంది. గీత లోపల మట్టం, వాలు, మొక్కలు, ప్రహరీ. గీత దాటితే తెల్లదనం. నిజానికి ఈ అలవాటే అసలు లోపమేమో! పనిముట్టులో ఆ పరిమితి లేదు. బిందువులు ఇస్తే అది వీధి చివరి దాకా కూడా నేల పరుస్తుంది. కానీ రుసుము స్థలానికే గాని వీధికి ఉండదు, సర్వేయరు పక్కవాని దొడ్డిలోకి కర్ర పట్టుకొని పోలేడు, పోనిచ్చినా ఆ అంకెలతో ఏం చేయాలో యజమానికి తెలియదు. పటం చక్కగా ఉంటుంది, ఇంటి ఎత్తు నేలకు చక్కగా అమరి ఉంటుంది. వాననీరు ఎటు పోతుందన్నది మాత్రం గీసినవారికీ గీయించుకున్నవారికీ కూడా తెలియకుండానే ఇల్లు లేస్తుంది. మురుగు కాలువ అడుగు మట్టం ఎంతో ఒక్క అంకె కొలిచి ఉంటే స్నానాల గది గొట్టం దానికి పైన ఉందో కింద ఉందో ముందే తేలిపోయేది.

సర్వేయరును పిలవడం ఖర్చనుకున్నవారికి ఆకాశం నుంచి ఉచితంగా దొరికే నేల కూడా ఉంది. 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచి ఇచ్చిన ఎస్‌ఆర్‌టీఎం ఎత్తుల పటమూ, దాని తరువాతి తరాల పటాలూ నమూనాలోకి నిమిషాల్లో వచ్చి కూర్చుంటాయి. 30 మీటర్లకు ఒక బిందువు, ఎత్తు పూర్ణాంక మీటర్లలో; పొరపాటు 16 మీటర్లకు మించకూడదన్నది ఆ కొలతకు పెట్టుకున్న నియమం. హిమాలయానికి అది అద్భుతమైన కొలత. మొత్తం ఎత్తే రెండు మూడు మీటర్లున్న దివిసీమ ఊళ్లు నాగాయలంకకు, కోడూరుకు అది ఏపాటి? పైగా రాడార్ తరంగం చెట్ల తలలను పూర్తిగా దాటి నేల దాకా రాలేదు గనుక కొబ్బరితోట ఒక కొండగా, పక్కనున్న చేను లోయగా నమోదవుతాయి. తెర మీద ఆ ఎగుడుదిగుళ్లను చూసి, ఇంటిని ఆ కొబ్బరికొండ పక్కన జాగ్రత్తగా సర్ది, మట్టి లెక్క కూడా తీసిన నమూనా ఎంత శ్రద్ధగా చేసినదైనా కల్పితమే. జీపీఎస్‌తో కొలిస్తే మరో వింత ఎదురవుతుంది. ఉపగ్రహాలు ఎత్తును కొలిచేది సముద్రమట్టం నుంచి కాదు, భూమికి గణితం ఊహించిన నునుపైన దీర్ఘగోళం నుంచి. హిందూ మహాసముద్రంలో గురుత్వాకర్షణ బలహీనంగా ఉండటం వల్ల ఈ ప్రాంతంలో సముద్రమట్టం ఆ గోళానికి 70, 80 మీటర్ల దిగువన ఉంటుంది. ఆ సవరణ చేయని పరికరం మచిలీపట్నం దగ్గరి మంగినపూడి తీరంలో నిలబడ్డ మనిషిని అన్ని మీటర్ల లోతున ఉన్నాడని చూపుతుంది.

సముద్రమట్టం అన్న మాట కూడా అంత సూటి మాట కాదు. దేశంలో ఎత్తులకు ఆధారమైన మట్టాన్ని మద్రాసు, విశాఖపట్నంతో సహా తొమ్మిది రేవుల్లో ఏళ్ల తరబడి పోటుపాట్లను కొలిచి, సగటు తీసి, 1909 నాటికి స్థిరపరచారు. అక్కడి నుంచి గట్ల వెంట, రైలు దారుల వెంట రాతి గుర్తుల మీదుగా ఆ సున్నా ఊరూరికీ నడిచి వచ్చింది. బందరు అని కూడా పిలిచే మచిలీపట్నంలోనే 1926లో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పేరిట శాస్త్ర పరికరాల తయారీ మొదలై, 1983లో అది భారత్ ఎలక్ట్రానిక్స్ చేతికి వచ్చింది గనుక సూక్ష్మంగా కొలవడమన్నది ఆ పట్టణానికి పరాయి విద్య కాదు. గుడివాడకు ఈశాన్యాన కొల్లేటి సరస్సు చుట్టూ అయితే సముద్రమట్టపు లెక్క రైతుల నోట రోజూ నలిగే మాట. సమాన ఎత్తున్న చోట్లను కలిపే రేఖను కాంటూరు అంటారు. 1999లో +5 అడుగుల కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించినప్పటి నుంచి, 2006లో ఆ గీత లోపలి చేపల చెరువులను తొలగించినప్పటి నుంచి ఐదో కాంటూరు, మూడో కాంటూరు అనేవి రాజకీయ సభల్లో, పెళ్లి సంబంధాల్లో కూడా వినిపించే పదాలయ్యాయి. భూమి గీతకు ఇవతల ఉందా అవతల ఉందా అన్నదాన్ని బట్టి దాని ధర, దాని చట్టం, దాని యజమాని భవిష్యత్తు మారిపోతాయి. ఒక ఎత్తు అంకె మనిషి బతుకును ఇంత నేరుగా పట్టుకున్న చోటు మరొకటి చూపడం కష్టం.

అయినా దివిసీమలో ఇంటి ఎత్తును గురించి మాట్లాడుతూ 1977 నవంబరు 19ని తప్పించుకోవడం సాధ్యం కాదు. ఆనాటి ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. నీరు పది పదిహేను కిలోమీటర్ల లోపలికి వచ్చింది. ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది పోయారు. అంతకు ముందు 1864 నవంబరులో బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారని చరిత్ర చెబుతుంది. ఉప్పెన నేల ఎత్తును చూసి రాదు, తన ఎత్తును తాను సముద్రం నుంచి తెచ్చుకుంటుంది. సముద్రమట్టానికి రెండు మీటర్ల ఎత్తున్న ఊరి మీదికి ఐదు మీటర్ల నీరు వస్తే వాకిట్లో మూడు మీటర్ల లోతు. మెరక తోలించి మూడడుగులు లేపిన ఇంట్లో రెండు మీటర్ల పైచిలుకు. అంటే రోజువారీ వానకు ప్రాణం పోసే మూడడుగులు ఉప్పెనకు లెక్కలోకే రావు. 1977 తరువాత తీరం వెంట లేచిన తుఫాను షెల్టర్లు ఈ సంగతిని గ్రహించిన కట్టడాలు. కింది భాగాన్ని స్తంభాల మీద ఖాళీగా వదిలి, నీరు అడ్డు లేకుండా పోయేలా చేసి, మనుషులు ఉండే గచ్చును ఉప్పెన మట్టానికి పైన నిలిపిన ఆ నిర్మాణాల్లో ఇల్లు నేలకు అమరడమన్న ఆలోచనే లేదు. ఆ గచ్చు ఎత్తు సముద్రాన్ని చూసి నిర్ణయమైనది, నేల మధ్యలో ఉన్న ఒక అంతరాయం మాత్రమే. 1990 మే 9న దాదాపు అదే తీరాన్ని తాకిన పెనుతుఫానులో మృతులు వెయ్యి లోపే ఉండటానికి ముందస్తు హెచ్చరికలూ, లక్షలాది మందిని తరలించడమూ ప్రధాన కారణాలైతే, తరలించినవారిని పెట్టడానికి ఎత్తైన గచ్చులు ఉండటం మరో కారణం.

అలాంటప్పుడు నమూనాలో నేలగీతతో పాటు నీటిగీతలు కూడా ఎందుకు ఉండకూడదు? మట్టాల పట్టికలో మొదటి అంతస్తు, రెండో అంతస్తు, పైకప్పు అని రాసినట్టే కాలువ నిండు మట్టం, మురుగు కోడు మట్టం, నదికట్టకు లోపలి ఊరైతే 2024 సెప్టెంబరు వరద గుర్తు, తీరపు ఊరైతే 1977 నీటి గుర్తు అని నాలుగు గీతలు చేర్చడానికి సాఫ్ట్‌వేర్‌కు అభ్యంతరం లేదు, అదనపు పనిముట్టు కూడా అక్కరలేదు. ఆ సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినప్పుడు లంకల్లోని ఇళ్ల గోడల మీద నీరు తానే గీత గీసి వెళ్లింది. నీరు గీసిన గీత ఎంత దూరం పోయినా ఒకే మట్టంలో ఉంటుందని పారదర్శకమైన గొట్టంలో నీళ్లు నింపి స్తంభం నుంచి స్తంభానికి మట్టం మోసుకుపోయే మేస్త్రికి తెలుసు. పారే వరదకు మట్టం కూడా వాలుగా ఉంటుందన్న ఇంజనీరు అభ్యంతరం సరైనదే, కానీ ఒక ఇంటిస్థలం మేరకు ఆ వాలు లెక్కలోకి రాదు. అటువంటి గీతలు చేర్చిన సెక్షన్ పటాన్ని చూస్తే అందం తగ్గినట్టు అనిపించవచ్చు. గచ్చు కింద ఏది, గచ్చు పైన ఏది అన్నది మాత్రం చదువురాని యజమానికి కూడా ఒక్క చూపులో తెలుస్తుంది.

ఆ గీతల పక్కన తేదీ కూడా వేయాలనడానికి మరో కారణం ఉంది. 2009లో ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించిన ఒక ప్రసిద్ధ అధ్యయనం కుంగుతున్న డెల్టాల గురించి హెచ్చరించినప్పుడు వాటిలో కృష్ణ కూడా ఉంది. ఒండ్రు తెచ్చి నేలను ఏటేటా పెంచవలసిన నది ఆ ఒండ్రును శ్రీశైలం, నాగార్జునసాగర్ల వెనుక వదిలి వస్తున్నది. పాత ఒండ్రు తన బరువుకు తాను అణుగుతున్నది. సముద్రం పైకి వస్తున్నది. నది మానేసిన పనిని ఇప్పుడు ట్రక్కులు చేస్తున్నాయనవచ్చునా? అనవచ్చు గానీ నది ఊరందరికీ సమానంగా పోసేది, ట్రక్కు డబ్బిచ్చినవారి వాకిట్లోనే పోస్తుంది.

నీటిగీతలన్నింటిలోకీ పటం మీద పెట్టడం కష్టమైనది ఉప్పెన గీత కాదు, మురుగు కోడు గీత. డెల్టా అడుగున కోడులన్నీ చివరకు సముద్రంలోకో ఉప్పుటేటిలోకో దిగాలి. దిగేది పాటు వేళ మాత్రమే. పోటు వచ్చినప్పుడు సముద్రం మట్టం కోడు మట్టాన్ని మించి, పై నుంచి వచ్చిన వాననీరు ఆగిపోయి, ఒక్కోసారి ఉప్పునీరే వెనక్కి ఎక్కివస్తుంది. అమావాస్యకూ పున్నమికీ ఈ తీరంలో పోటుపాట్ల తేడా మీటరును మించుతుంది. కాబట్టి కోడూరు దగ్గర కట్టే ఇంటికి మురుగు మట్టం 0.60 అని ఒక అంకె రాస్తే అది రోజులో సగం సేపు అబద్ధం. రెండు గీతలు వేసి, ఒకదానికి పోటు అనీ మరొకదానికి పాటు అనీ పేరు పెట్టి, స్నానాల గది గొట్టాన్ని పై గీతకు ఒక జానెడు ఎగువన ఉంచి, అప్పుడు లెక్క వేస్తే గచ్చు ఎత్తు యజమాని అనుకున్నదాని కంటే ఇంకో అడుగున్నర పైకి పోతుంది. ఆ అడుగున్నర కోసం 200 గజాల స్థలానికి మరో 27 ట్రక్కులు కావాలి. లేదా ఇంటిని స్తంభాల మీద లేపి, కింద నేలను ఉన్నచోటనే వదిలేయాలి, అప్పుడు పక్కవాని దొడ్డిలోకి నీరు నెట్టే మెరకా ఉండదు.